అప్‌డేట్ చేసిన తరువాత ఎంపీ3 ప్లేయర్ సింక్ కావడం లేదు: లోపం కంప్యూటరుదా, ప్లేయరుదా?

ప్రశ్న (అమలాపురం నుంచి)

అందరికీ నమస్కారం. నేను తెలుగు ఉపాధ్యాయుడిగా పనిచేసి విరమించినవాణ్ణి. కంప్యూటరుతో నా పరిచయం అవసరం మేరకే కనుక, కింది వివరాలలో ఏదైనా అనవసరమనిపిస్తే మన్నించాలి.

మా నాన్నగారు అంతర్వేది తీర్థం మొదలుకొని చుట్టుపక్కల శివరాత్రి పందిళ్ల వరకు ఎక్కడ హరికథ జరిగినా, పద్యనాటకం ఆడినా టేప్ రికార్డరు పట్టుకుని వెళ్లి క్యాసెట్ల మీద రికార్డు చేసుకునేవారు. ఆయన పోయాక ఆ క్యాసెట్లను ఒక్కొక్కటిగా కంప్యూటరులోకి ఎక్కించి, ఎంపీ3 ఫైళ్లుగా మార్చి, జేబులో పట్టే చిన్న ప్లేయరులో పెట్టి మా అమ్మగారికి ఇచ్చాను. ఆమెకు చూపు బాగా మందగించింది. ఫోను తెర మీద వేలు ఎక్కడ పెట్టాలో తెలియదు గాని, ఈ ప్లేయరుకున్న ఐదు మీటలలో ఏది ఎందుకో తడిమి చెప్పగలరు. అందుచేత ఫోనులోనే వినిపించవచ్చు కదా అన్న సలహా మాకు పనికిరాదని ముందే మనవి చేస్తున్నాను.

ప్రతి నెలా కొత్తగా ఎక్కించిన క్యాసెట్లను సింక్ ప్రోగ్రాము ద్వారా ప్లేయరులోకి పంపడం మూడేళ్లుగా అలవాటు. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసిందని, సెలవుకు వచ్చిన మా అబ్బాయి కంప్యూటరును విండోస్ 11కు మార్చాడు. చేతనైన పని కదా అని అదే రోజు ప్లేయరుకు కొత్త ఫర్మ్‌వేర్ (దాన్ని లోపలినుంచి నడిపే ప్రోగ్రాము), సింక్ ప్రోగ్రాముకు కొత్త వెర్షన్ కూడా వేసి మర్నాడు బండెక్కాడు. అంటే ఒక్క ఆదివారంలో మూడు మారాయి. అప్పటినుంచి ప్లేయరును తగిలిస్తే దాని తెర మీద చార్జింగ్ గుర్తు కనిపిస్తోంది గాని, సింక్ ప్రోగ్రాము మాత్రం పరికరం దొరకలేదంటోంది. ప్లేయరులో 64 జీబీ మైక్రోఎస్‌డీ కార్డు, అందులో సుమారు తొమ్మిది వందల ఫైళ్లు ఉన్నాయి. ఉన్నవి చక్కగా మోగుతున్నాయి. కొత్తవి ఎక్కడమే లేదు. వారమే అయింది కనుక విండోస్‌ను మళ్లీ పాతదానికి మార్చేయడం మంచిదేనా?

సమాధానం (భీమవరం నుంచి)

మాస్టారూ, నమస్కారం. నేను ఇక్కడ కంప్యూటర్ల మరమ్మతు దుకాణం నడుపుతాను. విండోస్ 11కు మారిన పది రోజుల లోపు పాతదానికి తిరిగి వెళ్లే వీలు ఉన్న మాట నిజమే. అయితే మూడు మార్పులు ఒకేసారి జరిగినప్పుడు వాటిలో అన్నిటికన్నా పెద్దదాన్ని ముందుగా వెనక్కి తిప్పడం, పంటి నొప్పికి కన్ను తీయించుకున్నట్లు అవుతుంది. ముందు పని ఎక్కడిదాకా జరుగుతోందో, ఎక్కడ తెగిపోతోందో చూద్దాం.

చార్జింగ్ గుర్తు వచ్చిందంటే విద్యుత్తు అందుతున్నదని మాత్రమే అర్థం. మామూలు యూఎస్‌బీ కేబుల్‌లో నాలుగు తీగలుంటాయి: రెండు విద్యుత్తుకు, రెండు సమాచారానికి. చవక చార్జరుతో వచ్చే కేబుళ్లు కొన్నింటిలో సమాచారపు తీగలు రెండూ అసలు వేయరు. మీ అబ్బాయి తన చార్జరు కేబుల్‌ను మీ దగ్గర వదిలి మీది పట్టుకుపోయి ఉండే అవకాశాన్ని తోసిపుచ్చకండి; నా దుకాణానికి వచ్చే ఇలాంటి కేసుల్లో చాలా వాటికి కారణం అంతే. ఫోను నుంచి కంప్యూటరులోకి ఫొటోలు పంపగలిగిన కేబుల్ ఏదైనా ఉంటే దానితో ప్రయత్నించండి. డెస్క్‌టాప్ అయితే ముందు వైపు పోర్టులో కాక వెనుక, మదర్‌బోర్డుకు నేరుగా ఉన్న పోర్టులో పెట్టండి.

రెండోది మన ప్రాంతపు సమస్య. సముద్రం గాలికి, చెరువుల తేమకు పోర్టు లోపలి రాగి మొనలు పచ్చగా చిలుము పడతాయి. సఖినేటిపల్లి, మలికిపురం వైపు నుంచి వచ్చే పరికరాలలో ఇది నాకు రోజూ కనిపించేదే. విద్యుత్తు తీగలు చిలుములోంచి కూడా ఎలాగో నెట్టుకొస్తాయి; సమాచారపు తీగలు అలా కాదు. టార్చి వేసి చూడండి. పచ్చదనం కనిపిస్తే ప్లేయరును ఆపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి పిండిన మెత్తని కుంచెతో తుడిచి, పూర్తిగా ఆరిన తరువాతే తగిలించండి. గుండుసూది పెట్టి గోకవద్దు.

ఈ రెండూ అయ్యాక డివైస్ మేనేజర్ (కంప్యూటరుకు ఉన్న పరికరాల జాబితా చూపే విండోస్ కిటికీ) తెరిచి ఉంచి ప్లేయరును తగిలించండి. ఏ కదలికా లేకపోతే కేబుల్ లేదా పోర్టు. పసుపుపచ్చ గుర్తుతో ఏదైనా ప్రత్యక్షమైతే లోపం డ్రైవరుది, అంటే ఆ పరికరంతో మాట్లాడేందుకు విండోస్ వాడే ప్రోగ్రాముది. దాని మీద రైట్ క్లిక్ చేసి అన్‌ఇన్‌స్టాల్ అని, ప్లేయరును తీసి మళ్లీ పెడితే విండోస్ తనంతట తానే డ్రైవరును వేసుకుంటుంది. ఏ గుర్తూ లేకుండా శుభ్రంగా కనిపిస్తే అది ఏ శీర్షిక కింద ఉందో రాయండి, అక్కడినుంచి మాట్లాడుకుందాం.

సమాధానం (రామచంద్రపురం నుంచి)

నాకు కూడా ఇలాగే జరిగింది. కార్డును ఫార్మాట్ చేసి పాటలన్నీ మళ్లీ ఎక్కించాను, అరగంటలో తేలిపోయింది. ఇంత పరిశోధన అవసరం లేదని నా అభిప్రాయం.

సమాధానం (తణుకు నుంచి)

రామచంద్రపురం మిత్రులకు మన్నింపులతో, మాస్టారు దయచేసి ఇప్పుడే ఫార్మాట్ చేయవద్దని కోరుతున్నాను. కారణాలు రెండు. ఆ తొమ్మిది వందల ఫైళ్లలో కంప్యూటరులో ప్రతి లేనివి ఎన్ని ఉన్నాయో మనకు తెలియదు. తిరిగి దొరికే సినిమా పాటలు వేరు, ఒక మనిషి టేప్ రికార్డరు మోసుకుని తెచ్చినవి వేరు. రెండో కారణం సాంకేతికం. 32 జీబీకి మించిన కార్డులు కొన్నప్పుడు సాధారణంగా ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఉంటాయి (ఎక్స్‌ఫ్యాట్, ఫ్యాట్32 అనేవి కార్డు మీద ఫైళ్లను అమర్చే పద్ధతులు). చిన్న ప్లేయర్లు చాలా వాటికి ఫ్యాట్32 తప్ప మరొకటి చదవడం రాదు కాబట్టి మీ 64 జీబీ కార్డును మూడేళ్ల కిందట ఎవరో ఫ్యాట్32లోకి మార్చి ఇచ్చి ఉంటారు. విండోస్‌లో మామూలుగా కనిపించే ఫార్మాట్ కిటికీ ఇంత పెద్ద కార్డుకు ఫ్యాట్32ను చూపదనే అనుకోండి. మీరు నమ్మకంగా సరేనంటే అది ఎక్స్‌ఫ్యాట్ చేసి పెడుతుంది, అప్పుడు ఇప్పటిదాకా మోగుతున్న ప్లేయరు కూడా కార్డు లేదంటుంది.

ఇక అసలు విషయానికి వస్తే నా అనుమానం ఫర్మ్‌వేర్ మీద. ఇలాంటి ప్లేయర్లు కంప్యూటరుతో రెండు రకాలుగా మాట్లాడగలవు. మాస్ స్టోరేజ్ పద్ధతిలో ప్లేయరు తన గోదాము తాళంచెవిని కంప్యూటరు చేతికి ఇచ్చి తాను పక్కకు తప్పుకుంటుంది. అందుకే ఆ సమయంలో పాట మోగదు, కంప్యూటరులో దానికి ఈ, ఎఫ్ (E, F) వంటి డ్రైవ్ అక్షరం వస్తుంది. 2008లో యూఎస్‌బీ ప్రమాణాలలో చేరిన ఎంటీపీ పద్ధతిలో గోదాము తాళం ప్లేయరు దగ్గరే ఉంటుంది. కంప్యూటరు కిటికీ దగ్గర నిలబడి ఫలానా బస్తా ఇవ్వు, ఈ బస్తా లోపల పెట్టు అని గుమాస్తాను అడగవలసిందే. ఆండ్రాయిడ్ ఫోన్లు ఇప్పుడు నడిచేది ఈ రెండో పద్ధతిలోనే. ఎంటీపీలో కరెంటు పోయినా కార్డు చెడే భయం తక్కువ గాని, దానికి డ్రైవ్ అక్షరం ఉండదు.

ఫర్మ్‌వేర్ మార్చినప్పుడు ప్లేయరు అమరికలు తరచుగా మొదటి స్థితికి వెళ్లిపోతాయి. మునుపు మీరు మాస్ స్టోరేజ్‌లో వాడుతూ ఉండి, ఇప్పుడది ఎంటీపీకి మారి ఉంటే, డ్రైవ్ అక్షరం కోసం వెతికే సింక్ ప్రోగ్రాముకు ప్లేయరు కళ్ల ముందే ఉన్నా కనిపించదు. ప్లేయరు సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ మోడ్ అనే చోట ఏమున్నదో చూడండి. డివైస్ మేనేజరులో అది పోర్టబుల్ డివైసెస్ కింద కనిపిస్తున్నా, ఫైల్ ఎక్స్‌ప్లోరరులో మాత్రం డ్రైవ్ అక్షరం లేకుండా బొమ్మ, పేరు మాత్రమే ఉంటే నా ఊహ నిజమైనట్లే. మాస్ స్టోరేజ్‌లో ఉన్న పెన్‌డ్రైవ్‌లు కూడా ఒక్కోసారి ఆ శీర్షిక కింద కనిపిస్తాయి కనుక అక్షరం ఉన్నదా లేదా అన్నదే గుర్తు.

మరొక చిన్న పరీక్ష. కార్డును ప్లేయరు నుంచి తీసి కార్డ్ రీడరులో పెట్టి నేరుగా కంప్యూటరుకు తగిలించండి. ఈ పరీక్షలో ప్లేయరు, కేబుల్ ప్రమేయం ఉండదు కనుక, అప్పుడు ఫైళ్లు కనిపించి తెరుచుకుంటే కార్డు వరకు పరవాలేదని తేలుతుంది. ఆ పనిలోనే కార్డులో ఉన్నవన్నీ కంప్యూటరులోకి ఒక ప్రతి తీసి పెట్టుకుంటే ఇక ఎవరు ఏ సలహా ఇచ్చినా నష్టం ఉండదు.

తిరిగి ప్రశ్న అడిగినవారు (అమలాపురం)

ఇంత శ్రద్ధగా రాసినందుకు ఇద్దరికీ కృతజ్ఞతలు. జరిగినది జరిగినట్లు రాస్తాను.

కేబుల్ నాదే. పోర్టులో చిలుము కొంచెం ఉంది. శుభ్రం చేశాను గాని దానివల్ల మార్పు రాలేదు. పక్కింటి పిల్లవాని దగ్గర కార్డ్ రీడరు తెచ్చి మొదట ప్రతి తీయబోతే సుమారు ఎనిమిది వందల అరవై ఫైళ్లు వచ్చాయి, మిగిలినవి రాలేదు. ఫైలు చెడిపోయింది, చదవడం కుదరదు అన్న అర్థం వచ్చే సందేశం కనిపించింది. రానివి దాదాపు అన్నీ కిందటి నెలలో ఎక్కించినవే. వాటి మూలప్రతులు కంప్యూటరులో ఉన్నందువల్ల కంగారుపడలేదు.

తణుకు వారు చెప్పినట్లే యూఎస్‌బీ మోడ్ ఎంటీపీ అని ఉంది. మాస్ స్టోరేజ్‌కు మార్చాను. ప్లేయరు ఎఫ్ డ్రైవ్‌గా కనిపించింది. మునుపు ‘ఈ’ (E) డ్రైవ్‌గా ఉండేది. సింక్ ప్రోగ్రాము ఇంకా దొరకలేదనే అంటుంటే, డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి అక్షరాన్ని తిరిగి ‘ఈ’గా మార్చాను. వెంటనే ప్లేయరును గుర్తుపట్టింది. సంతోషంతో సింక్ నొక్కితే ఇరవై ఫైళ్లు వెళ్లి అదే సందేశంతో ఆగిపోయింది. మళ్లీ నొక్కితే మళ్లీ అక్కడే ఆగింది.

సమాధానం (భీమవరం నుంచి)

మొదటి ముడి విడిపోయింది, సంతోషం. ఇది రెండో ముడి. నా అంచనాలో దీనికి ఆదివారం నాటి అప్‌డేట్లతో సంబంధం లేదు. కిందటి నెల సింక్ జరుగుతూ ఉండగా కరెంటు పోయిందా? మీ కంప్యూటరుకు యూపీఎస్ ఉందా?

తిరిగి ప్రశ్న అడిగినవారు (అమలాపురం)

మీరు అడిగేదాకా గుర్తు రాలేదు. పోయింది. యూపీఎస్ ఉంది గాని దాని బ్యాటరీ పోయి ఏడాది అయింది. ఇన్వర్టరు ఫ్యాన్లకూ లైట్లకూ మాత్రమే.

సమాధానం (భీమవరం నుంచి)

అదే కారణం. కంప్యూటరులోని డిస్కుకు ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతి వాడతారు; అందులో చేయబోయే మార్పును ముందుగా ఒక చిట్టాలో రాసుకుని తరువాత చేస్తారు కనుక, మధ్యలో కరెంటు పోయినా చిట్టా చూసి సరిదిద్దుకోగలదు. ఫ్యాట్32కు ఆ చిట్టా లేదు. ఏ ఫైలు ఏ గదుల్లో ఉందో చెప్పే పట్టికకు రెండు ప్రతులు ఉంటాయి గాని, రాస్తూ ఉండగా పని తెగిపోతే పట్టిక ఒకటి చెబుతుంది, ఫోల్డరు మరొకటి చెబుతుంది. మాస్ స్టోరేజ్‌లో ఆ పట్టికను రాసేది కంప్యూటరే కాబట్టి కంప్యూటరు ఆగిపోతే ప్లేయరు బ్యాటరీ నిండుగా ఉన్నా ఉపయోగం లేదు. పాత ఫైళ్లు మోగుతున్నందువల్ల ఇది ఇన్నాళ్లూ బయటపడలేదు.

ఎనిమిది వందల అరవై ఫైళ్ల ప్రతి చేతిలో ఉంది కనుక ఇప్పుడు మరమ్మతు చేయవచ్చు. కార్డు రీడరులో ఉండగా కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటరుగా తెరిచి, చెక్‌డిస్క్ (chkdsk) ఆదేశాన్ని కార్డు డ్రైవ్ అక్షరంతోనూ, సరిదిద్దమనే /f స్విచ్‌తోనూ నడపండి. అక్షరం ఒకటికి రెండుసార్లు చూసుకోండి. దిక్కులేకుండా మిగిలిన ముక్కలను అది ఫౌండ్.000 అనే ఫోల్డరులో సీహెచ్‌కే ఫైళ్లుగా పడేస్తుంది. మూలప్రతులు మీ దగ్గర ఉన్నాయి కనుక ఆ ఫోల్డరును తీసివేయవచ్చు. లేనివారైతే ఫైలు పేరు చివర ఎంపీ3 అని మార్చి చూస్తే కొన్ని మోగుతాయి కూడా.

చెక్‌డిస్క్ పూర్తయ్యాక కూడా అదే చోట ఆగితే కార్డునే అనుమానించాలి. సంతలో, రోడ్డు పక్కన అమ్మే కార్డులలో లోపల 8 జీబీ ఉండి పైకి 64 అని చెప్పుకునేవి ఉంటాయి. మీ కార్డులో ఇప్పటికే తొమ్మిది వందల ఫైళ్లు ఉన్నాయి గనుక ఆ భయం నాకు అంతగా లేదు. 128 కేబీపీఎస్ ఎంపీ3 నిమిషానికి సుమారు 1 ఎంబీ చొప్పున, గంట కథలు తొమ్మిది వందలంటే 50 జీబీ దాటుతాయి. ఒక్కొక్కటి ఐదు నిమిషాలదే అయితే మాత్రం ఆ నిర్ధారణ చెల్లదు.

యూపీఎస్ బ్యాటరీ మార్పించండి మాస్టారూ. లేకపోతే సింక్ వరకు ల్యాప్‌టాప్ వాడండి.

తిరిగి ప్రశ్న అడిగినవారు (అమలాపురం)

చెక్‌డిస్క్ నడిపాను. ఫౌండ్.000లో ముప్ఫైకి పైగా ముక్కలు తేలాయి. ఆ తరువాత సింక్ ఆగకుండా సాగింది. కార్డులో ఉన్నవి ఎక్కువగా గంట నిడివి రికార్డింగులే కాబట్టి కార్డు అసలుదే అనుకుంటున్నాను. అయితే పదకొండు ఫైళ్లు మాత్రం పేరు మరీ పొడవుగా ఉన్నదంటూ మొండికేశాయి. పాత వెర్షన్ వీటిని ఏ పేచీ లేకుండా పంపేది. పేర్లేమో తెలుగులోనే, ఒక్కొక్కటి వంద అక్షరాలైనా ఉండదు.

సమాధానం (కాకినాడ నుంచి)

మొదటినుంచి చదువుతున్నాను, ఇది నా పనికి దగ్గర విషయం కనుక రాస్తున్నాను. మనం అక్షరమనుకునేదీ కంప్యూటరు లెక్కపెట్టేదీ ఒకటి కాదు. స్త్రీ అన్నది మనకు ఒక్క అక్షరం. కంప్యూటర్లు అన్ని భాషల లిపులకూ వాడే యూనికోడ్ సంకేతాల పద్ధతిలో సకారం, పొల్లు, తకారం, పొల్లు, రకారం, ఈత్వం కలిపి ఆరు సంకేతాలు. శ్రీకృష్ణ అనే మూడక్షరాల పేరు తొమ్మిది. అందువల్ల కంటికి నలభై అక్షరాలుగా కనిపించే పద్యనాటకం పేరు లెక్కలో తొంభై దాకా పోతుంది.

విండోస్‌లో చాలా ప్రోగ్రాములకు డ్రైవ్ అక్షరం మొదలుకొని ఫైలు పేరు చివరి వరకు మొత్తం దారి 260 సంకేతాలకు మించకూడదు. మీ కొత్త వెర్షన్ ఫైళ్లను ఎలా పేర్చుతోందో కార్డులో చూడండి. కళాకారుడి పేరుతో ఒక ఫోల్డరు, అందులో సంకలనం పేరుతో మరొకటి సృష్టిస్తూ ఉంటే, ఒకే పొడవాటి పేరు దారిలో మూడుసార్లు వచ్చి హద్దు దాటుతోందన్నమాట. విండోస్ 10లో 2016 నాటి 1607 వెర్షన్ నుంచి ఈ హద్దును ఎత్తివేసే అమరిక ఉంది. కాని ప్రోగ్రాము కూడా దాన్ని ఒప్పుకోవాలి, ప్లేయరు కూడా చదవగలగాలి. పేర్లు తగ్గించడమే మేలు. ఊరు, తిథి, సంవత్సరం వంటి వివరాలను ఫైలు పేరులోంచి తీసి ట్యాగులోని (ఫైలు లోపలే ఉండే వివరాల పట్టీలోని) వ్యాఖ్య గడిలో రాయండి. నాన్నగారు క్యాసెట్ డబ్బా మీద రాసిన పేరంతా ఉండాలని మీకు ఉంటుంది. అది అక్కడ భద్రంగా ఉంటుంది. ట్యాగును ఐడీ3 2.3 రూపంలో, యూటీఎఫ్-16లో దాచితే పాత ప్లేయర్లకు కూడా అందుతుంది.

ఒకవేళ ఆ పేర్లలో కొన్నింటిని ఎప్పుడో డీటీపీ కేంద్రంలో యూనికోడ్ కాని అను ఫాంటులో టైపు చేయించి ఉంటే అవి ఇంగ్లీషు అక్షరాల గజిబిజిగా కనిపిస్తాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చాకే పొడవు లెక్కపెట్టండి.

తిరిగి ప్రశ్న అడిగినవారు (అమలాపురం)

సరిగ్గా అలాగే ఉంది. నాటక సమాజం పేరు, నాటకం పేరు, అంకం పేరు వరుసగా మూడు ఫోల్డర్ల లోతున పడుతున్నాయి. సింక్ ప్రోగ్రాములో ఫోల్డర్ల అమరికను పాత పద్ధతికి మార్చి, పదకొండు పేర్లను కుదించాను. అన్నీ ఎక్కాయి. ప్లేయరులో లైబ్రరీని మళ్లీ తయారుచేయమని నొక్కేదాకా కొత్తవి జాబితాలో కనిపించలేదు. ఇదే చిక్కులో ఉన్నవారికి పనికివస్తుందని రాస్తున్నాను.

ఒక్కటి మిగిలింది. రాత్రి అమ్మ విని, రెండో అంకం అయ్యాక మొదటి అంకం వస్తోందేమిటని అడిగింది. పేర్ల ముందు సంఖ్యలు ఉన్నాయి, కంప్యూటరులో వరుస సరిగానే కనిపిస్తోంది.

సమాధానం (తణుకు నుంచి)

ఫోల్డరు పద్ధతిలో పాడించేటప్పుడు కొన్ని చిన్న ప్లేయర్లు పేర్ల వరుస చూడవు; ఫోల్డరు జాబితాలో ఏది ముందు రాయబడితే అదే ముందు పాడతాయి. మీరు కుదించిన పదకొండూ చివరన ఎక్కాయి కాబట్టి చివరన మోగుతున్నాయి. ఆ నాటకాల ఫోల్డర్లను కార్డు నుంచి తీసివేసి, ఖాళీ ఫోల్డరు పెట్టి, అంకాలను ఒకటి తరువాత ఒకటిగా వరుసలో కాపీ చేయండి. పని అయ్యాక సేఫ్లీ రిమూవ్ నొక్కి మాత్రమే తీయండి.

తిరిగి ప్రశ్న అడిగినవారు (అమలాపురం)

చేశాను. నాందీ ప్రస్తావన నుంచి మంగళం వరకు వరుసలో వస్తున్నాయి. యూపీఎస్‌కు కొత్త బ్యాటరీ రేపు బిగిస్తారు. అంతవరకు మిగిలిన క్యాసెట్లను సింక్ చేయను.